పాత చీరకు కొత్త రంగు

(మన సాంస్కృతిక సంఘ మహిళాసమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యమును గూర్చియు, సంగీతమును గూర్చియు ప్రసంగములు వినుటకు అలవాటుపడిన యీ వేదికమీద పాతబట్టలను గూర్చి మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మనలో ప్రతి యింటను అలమరలో క్రింది అర యొకటి కలదు. కట్టుకొనుటకు మనసొప్పనివి, పారవేయుటకు చేతులాడనివి అయిన నేతచీరలు, పంచెలు, దుప్పట్లు అందులో మడతలుపడి యుండును. బదిలీ ఉత్తరువు వచ్చినప్పుడెల్ల ఆ మూట మనతోకూడ రైలెక్కును. క్రొత్త క్వార్టరులో మరల క్రింది అరకే చేరును. నేడు నేను మాట్లాడబోవునది ఆ మూటను గూర్చియే.

పాతబట్టలు తీసికొని స్టీలు గిన్నెలిచ్చు స్త్రీలు ఢిల్లీ వీధులలో తిరుగుట మీరందరు చూచినదే. మన ఊళ్ళలోను ఈ బేరము కొత్త కాదు. ఇక్కడ వారు తీసికొనిపోయిన బట్టలు పడమటి ఢిల్లీలోని రఘువీర్ నగర్ సంతకు చేరును. తెల్లవారక మునుపే అక్కడ క్రయవిక్రయములు సాగును. కొన్నవారు చిరుగులు కుట్టి, ఉతికి, ఇస్త్రీచేసి వానిని మరల అమ్ముదురు. ఆ బేరమును నేను తప్పుపట్టను. దానిమీద ఎన్నో కుటుంబములు బ్రతుకుచున్నవి. నా బాధ వేరు. చిరిగిన చీర పోవుట న్యాయము. వెలిసిన చీర పోవుట మాత్రము న్యాయము కాదు. నూలుచీరకు మొదట పోవునది రంగు. నేత పోవుటకు ఇంకను చాలకాలము పట్టును. రంగు పోయినదన్న ఒక్క నేరమునకు, ఇంకను కొన్నేండ్లు కట్టదగిన నేతను మనము ఒక గ్లాసుకు మార్చుకొనుచున్నాము.

అట్లయిన బకెట్టులో రంగు కలిపి చీరను ముంచితీసిన చాలదా, ముడులెందుకని అడుగవచ్చును. చాలదు. పాతబట్ట అంతటను ఒక్క తీరున వెలియదు. కుచ్చెళ్ళ పైమడతలు, భుజముమీది పమిట ముందుగా వెలియును. లోపల దోపుకొను చెంగు మాత్రము కొన్ననాటి రంగుతోనే యుండును. తీగమీద ఆరవేసిన మడతవెంట తెల్లని గీత పడును. అట్టి చీరను ఒకే రంగులో ముంచినచో ఆ హెచ్చుతగ్గులన్నియు అడుగునుండి పైకి తేలివచ్చును. సాంబారు మరకకూడ కొత్తరంగులో నల్లగా కనబడును. ముడులువేసి ముంచినప్పుడో, బట్టమీద వందలకొలది చిన్నచిన్న వెలుగునీడలు ఏర్పడును. వాని నడుమ పాత మరకయు, వెలిసిన గీతయు కంటికి విడిగా దొరకవు. మచ్చ ఎక్కడికిని పోదు. దానికి తోడు దొరుకును. కొత్తబట్టకు ముడియద్దకము అలంకారము, పాతబట్టకు అవసరము.

ఈ విద్య మన దేశమున చాల పాతది. ఏడవ శతాబ్దమున బాణభట్టు రచించిన హర్షచరితమున, హర్షుని చెల్లెలు రాజ్యశ్రీ వివాహమునకు సిద్ధపరచిన వస్త్రములలో ముడులుకట్టి రంగువేసిన వానిని పండితులు గుర్తించినారు. ఆ పెండ్లి జరిగిన స్థాణ్వీశ్వరము నేటి థానేసర్. మనము కూర్చున్న యీ చోటికి రైలులో కొన్ని గంటల దూరము. గుజరాతులోని కచ్ఛ్, జామ్‌నగర్, రాజస్థానములోని జయపురము, జోధ్‌పుర్, సీకర్ నేటికిని ఈ పనికి ప్రసిద్ధములు. వారు దీనిని బాంధనీ యందురు. కట్టుట అనియే అర్థము. ఆంగ్లేయులు మెడకు కట్టుకొను రుమాలుకు పెట్టుకొన్న బందానా యను పేరు ఈ మాటనుండి పోయినదే. దక్షిణమున మధురలో సౌరాష్ట్రులు చేయు చుంగుడి చీరలు ఈ జాతివే. వారి పూర్వులు గుజరాతు దేశమునుండి విజయనగర రాజ్యము మీదుగా మధుర చేరిరని చెప్పుదురు. వారి యింటిభాషలో నేటికిని తెలుగు మాటలు విరివిగా వినబడును.

పోచంపల్లి, పుట్టపాక, చీరాల పేరులు తలచి, మాకును ఇదియే కలదని మనవారు అనుట కద్దు. కొంచెము భేదమున్నది. అక్కడ కట్టు నేతకు ముందు పడును. నూలుపోగులను కట్టలుగా చేసి, లెక్కప్రకారము కట్లుకట్టి, రంగులో ముంచి, పిదప మగ్గమున కెక్కింతురు. మనము నేసిన బట్టకు ముడివేయుదుము. కట్టినచోటికి రంగు చేరదన్న సూత్రము మాత్రము రెండింటికిని ఒక్కటే. పోచంపల్లి చీర వెలిసినను దానిమీద మరల ముడులు వేయవద్దని నా మనవి. నేతగాడు పోగుపోగునకు లెక్కకట్టి తెచ్చిన బొమ్మను మన బకెట్టులో కలిపివేయుట తగదు.

ఇక పనిలోనికి వత్తము. మొట్టమొదట తెలియవలసినది, మీ చేతిలోని బట్ట ఏమిటన్నది. అంగడివాడు కాటనని చెప్పినను, పదేండ్లుగా మీరు అట్లే అనుకొన్నను, అంచునుండి ఒక పోగు లాగి వెలిగించి చూడుడు. నూలు కాగితము కాలిన వాసనతో కాలి మెత్తని బూడిదయగును. పట్టు, ఉన్ని వెండ్రుక కాలిన వాసన కొట్టును. పాలియెస్టరు కరగి గట్టిపూసగా ముద్దకట్టును. మనము వాడబోవు రంగులు నూలుకు పట్టును, పాలియెస్టరుకు పట్టవు. రెండును కలిపి నేసిన బట్టలో నూలు పాలుమాత్రమే రంగు త్రాగును గనుక ఛాయ పలుచనగును. కుర్తాలు, రవికలు నూలువే ఐనను కుట్టినదారము పాలియెస్టరు కావచ్చును. అట్టిచోట కుట్టు పాతరంగుతోనే మిగులును. అది తెలిసి చేసిన అందముగానే యుండును. తెలియక చేసినవారు రంగు చెడినదనుకొందురు.

రెండవది బలము. బట్టను వెలుతురుకు ఎత్తిపట్టి, రెండు చేతులతో మెల్లగా లాగి చూడవలెను. పోగులు జరుగుచున్నచో దానిని బొంతకు విడువుడు. రంగు బట్టకు బలము నీయదు. మనము దానిని సోడాలో ఉడికింపబోవుచున్నాము, ముడులు బిగించి లాగబోవుచున్నాము. చివికిన చీర ఆ శిక్షకు నిలువదు.

మూడవ విషయమును తెలుగు ఇల్లాండ్రకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మనకు గంజి లేనిదే నూలుచీర చీర కాదు. ఏండ్ల తరబడి పెట్టిన గంజి పోగులమీద పొరగా నిలిచియుండును. రంగు ఆ పొరకు పట్టి, తొలి ఉతుకులో పొరతోకూడ పోవును. చేయి తిరగలేదని, రంగు నకిలీదని మనము నిందించుచుందుము, నేరము గంజిది. దీనికితోడు ఇక్కడి గొట్టపుబావుల నీరు చాలచోట్ల కఠినజలము. సబ్బు అందులో విరిగి జిడ్డుగా బట్టను పట్టుకొనియుండును. కావున బట్టను ముందు రాత్రి నానబెట్టి, మరునాడు చాకలిసోడా, కొంచెము సబ్బు వేసిన నీటిలో అరగంట ఉడికించి, నీరు తేటపడువరకు జాడింపవలెను. ఈ పనిలో సగము శ్రమ ఇక్కడనే యున్నది. ఇది చేయనివారు తక్కినది చేయకున్నను నష్టములేదు.

ముడుల విషయమున మనకు పుట్టుకతో వచ్చిన సొమ్మొకటి కలదు. చుక్కలు సరిగా పెట్టుట తెలుగు ఆడపిల్లకు ఒకరు నేర్పనక్కరలేదు. ముగ్గు నేర్పియే యుండును. జాజును నీటిలో కలిపి పుల్లతో బట్టపై చుక్కలు గుర్తుపెట్టుకొనుడు, ఉతికిన పోవును. రాజస్థానమునను ఈ గుర్తులకు జాజునే వాడుదురు. ఐతే ముగ్గునకును దీనికిని ఒక తేడా. ముగ్గులో చుక్కలను గీతలతో కలిపి రూపము తెత్తుము. ఇందులో చుక్కయే రూపము. నెమలి కావలసిన నెమలి ఆకృతిలో చుక్కలు పేర్చవలెను. మొదటిసారి నెమళ్ళజోలికి పోక, వరుసగా చుక్కలు పెట్టుట మేలు.

గుర్తుపెట్టినచోట క్రిందినుండి ఒక శనగగింజ నుంచి, బట్టను దానిమీదుగా లాగి, మొదట గట్టి నూలుదారమును ఏడెనిమిది చుట్లు బిగించి చుట్టవలెను. గింజ పెద్దదైన వలయము పెద్దది, ఆవగింజంతదైన చుక్క. కచ్ఛ్‌లో పనివారు గింజలు వాడరు. చిటికెనవ్రేలి గోరు పెంచియో, మొనగల ఉంగరము తొడిగియో, ఆవగింజంత బట్టను పైకెత్తి కట్టుదురు. ఒక ముడికిని మరియొక ముడికిని నడుమ దారము తెంపరు. అందువలన ఎండినపిదప బట్టను రెండువైపుల పట్టి అడ్డముగా ఒక్క గుంజు గుంజినచో ముడులన్నియు టపటప ఊడివచ్చును. కొందరు వ్యాపారులు ముడులు విప్పకయే చీర నమ్ముదురు. కొనువారికి అదియే సాక్ష్యము. అచ్చువేసిన నకలుకు ముడి యుండదు గదా.

చుక్కలు కట్టుటకు ఓపిక లేనివారు లహరియా చేయవచ్చును. చీరను ఒక మూలనుండి ఐమూలగా చాపవలె చుట్టి, జానెడు జానెడు దూరమున బిగించి కట్టుట అంతయే పని. విప్పినప్పుడు వాలుచారలు వచ్చును. రాజస్థానమున తలపాగాలకు దీనినే వేయుదురు. వారపు సెలవు ఒక్కటే చేతనున్న ఉద్యోగినులకు ఇది మిక్కిలి అనుకూలము.

రంగును గూర్చి ఒక్క నియమము మరువరాదు. మనము వేయు రంగు పారదర్శకము. పాతరంగు అడుగున ఉండియే తీరును. పసుపుపచ్చ చీరను నీలములో ముంచిన ఆకుపచ్చ వచ్చును. ఎఱుపుమీద ఆకుపచ్చ వేసిన బురదరంగు వచ్చును. ముదురును లేతచేయుట రంగువలన కాదు. అందుచేతనే బాంధనీవారు లేతనుండి ముదురునకు పోవుదురు. తెల్లగా నుండవలసిన చుక్కలు కట్టి పసుపులో ముంచుదురు. పసుపుగా మిగులవలసిన చుక్కలు కట్టి ఎఱుపులో ముంచుదురు. అటుపిమ్మట ఎఱుపు చుక్కలు కట్టి నలుపులోనో, మెరూనులోనో ముంచుదురు. ప్రతి మునకకును కట్టిన ముడి, అంతవరకు వచ్చిన దానిలో నిలుపుకొనదలచిన దానిని కాపాడును. మన యింటి చీరకు వెలిసిన పాతరంగే మొదటి మునక యనుకొనుడు. వెలిసిన గులాబి చీరను ముడులువేసి మెరూనులో ముంచినచో గులాబి చుక్కలు మిగులును. చీర గుర్తు చెడదు.

చల్లనినీటిలో పట్టు రంగులు ఇంటికి మేలైనవి. 1954లో ఇంగ్లండునందు రాటీ, స్టీఫెన్ అను ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు నూలుపోగుతో రసాయనికముగా బంధించుకొను రంగులను కనుగొనిరి; 1956లో అవి ప్రోసియాన్ అను పేరున విపణికి వచ్చినవి. అంతకుముందు రంగు పోగును అంటిపెట్టుకొని యుండెడిది. ఇది పోగులో భాగమగును. అరకిలో తూగు ఒక నూలుచీరకు పది లీటర్ల నీరు, 10 మొదలు 20 గ్రాముల రంగు, అరకిలో ఉప్పు, సుమారు 150 గ్రాముల పొడిసోడా కావలెను. స్ఫటికములుగా నున్న సోడాలో నీటిపాలు హెచ్చు గనుక రెండున్నర రెట్లు పట్టును. వంటసోడా పనికిరాదు. రంగును ముందు కొద్ది నీటిలో కరగించి బకెట్టులో కలుపుడు. ముడులు వేసిన బట్టను మంచినీటిలో తడిపి, పిండి, అందులో వేయుడు. తడిపిన బట్టలో ముడిక్రింద నీరు ముందే చేరియుండుటచే రంగు లోనికి తొందరగా జొరబడదు. ఉప్పును రెండుమూడు పర్యాయములుగా అరగంటలో వేయవలెను; రంగును నీటినుండి బట్టవైపు తరుమునది అదియే. పిదప సోడాను వేరుగా కరగించి, బట్టను ప్రక్కకు తొలగించి పోసి, ఒక గంట మెల్లగా కదుపుచుండవలెను. సోడా పడిన తరువాత రంగు నీటితోకూడ కలియబడి చచ్చుచుండును. కావున మిగిలిన నీటిని రేపటికని దాచుటలో ప్రయోజనము లేదు.

పచారి దుకాణములో చిన్న పొట్లములుగా దొరకు రంగులు పెక్కు ఉప్పుతో ఉడికింపవలసినవి. పొట్లముమీది విధానము ననుసరింపుడు. వానిని మాత్రము ఎన్నటికిని విడిగా ఉతుకుడు. పేరులేని పొడిని తూకమున కొనకుడు. శరీరమునకు హానిచేయు కొన్ని అజో రంగులను కేంద్రప్రభుత్వము 1990ల దశకమున నిషేధించిన సంగతి మన కార్యాలయములలోని వారికి తెలియనిది కాదు.

ఇంటిలోని వస్తువులతో రంగులు చేయదలచినవారు దానిమ్మతొక్కలను, ఉల్లిపొట్టును నీటిలో మరగించి, పటికనీట నానిన బట్టకు వేసి చూడవచ్చును. చక్కని పసుపువన్నెలు వచ్చును. పసుపుకొమ్ము రంగు మాత్రము ఎండకు నిలువదు. టీ డికాక్షను మంచి గోధుమవన్నె నిచ్చునుగాని, బట్టమీద ఇనుపత్రుప్పు మరకయున్నచో అది నల్లబడును. ఆశ్చర్యపడనక్కరలేదు, వగరునకు ఇనుము తగిలిన నలుపు పుట్టును. కలంకారీవారు ఇనుపముక్కలను బెల్లపునీట పులియబెట్టి, కరక్కాయ పట్టించిన బట్టమీద నల్లగీత తీయుట ఈ గుణముచేతనే.

మా యింటి ముచ్చట ఒకటి చెప్పుదును. మా తండ్రిగారు ఉద్యోగమునకు పంట్లాము తొడిగినను ఇంట పంచెయే కట్టెడివారు. వారు పోయిన పిదప కొన్ని పంచెలను సంప్రదాయముచొప్పున దానమిచ్చితిమి. మూడింటిని మా అమ్మ పెట్టె అడుగున దాచుకొనెను. పోయినవారి బట్ట ఇంట నుంచరాదని కొందరు, ఉంచవచ్చునని కొందరు. ఎవరి ఆచారము వారిది. ఏండ్లు గడచినకొలది మడతల వెంబడి పచ్చని చారలు పడసాగెను. దాచినంతమాత్రమున నూలు బాగుండదు గదా. ఒక వేసవిని ఆమె ఢిల్లీ వచ్చినప్పుడు ఆ పెట్టెయు వచ్చెను. వానికి రంగువేయుదమని నేనడుగుటకు నోరాడలేదు. నేను కట్టుచున్న ముడులను రెండుదినములు చూచి, మూడవదినమున ఆమెయే, "ఇది పంచెమీద పడుతుందా?" అని అడిగెను. పడునంటిని. "అంచు జోలికి మాత్రం పోకు" అనెను.

అంచును కాపాడుట కష్టముకాదు. అంచును సన్నగా చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితము కప్పి, బిగువుగా దారము చుట్టిన రంగు చేరదు. అట్లే చేసితిమి. శనగగింజలు ఒడిలో పోసికొని ఆమె స్వయముగా కూర్చుండి కట్టెను. కీళ్ళనొప్పుల చేతులు, బిగువు చాలక కొన్ని ముడులలోనికి నీలము జొరబడి, అక్కడ చుక్కలు మసకగా వచ్చినవి. ఒక పంచె మనుమరాలికి దుప్పట్టా అయ్యెను, రెండవది దిండుగలీబులయ్యెను. దుప్పట్టామీద ఆ మసకచుక్కలు ఏవో మా యింట అందరికిని తెలియును. మూడవ పంచెను ఆమె ముట్టనీయలేదు. అది నేటికిని తెల్లగానే యున్నది.

కొన్ని హెచ్చరికలు మిగిలినవి. రంగుపొడి ఎగిరి ముక్కులోనికి పోయిన కొందరికి ఉబ్బసము, దద్దుర్లు రావచ్చును. ముక్కునకు గుడ్డయు, చేతులకు రబ్బరు తొడుగులును ఉండవలెను. వంటగిన్నెలు ఈ పనికి వాడరాదు. వాడినవి మరల వంటకు రారాదు. అల్యూమినియము సోడాకు చెడును గనుక ప్లాస్టిక్ బకెట్టో, స్టీలు పాత్రయో మేలు. ఉప్పు, సోడా కలిసిన నీటిని తులసికోటలోనో, పూలకుండీలలోనో పోయకుడు. మేడమీది క్వార్టరులలోనివారు తడిబట్టను బాల్కనీలో ఆరవేయుటకు ముందు, క్రింది యింటి తీగమీద ఏమున్నదో తొంగిచూడవలెను. పంజాబీ పొరుగువారు హోలీనాడు క్షమించినట్లు తక్కిన దినములలో క్షమింపరు.

ఢిల్లీ చలికాలమున ఈ పని పెట్టుకొనకుడు. కొళాయి నీరు చేయి కొరుకునట్లుండునప్పుడు ఈ రంగులు పోగుతో కలియుటకు బద్ధకించును. హోలీ వెళ్ళిన నాటినుండి దసరా వచ్చువరకు అనువైన కాలము. అత్యవసరమైన గోరువెచ్చని నీరు వాడుడు.

రంగు వెలియకుండ వెనిగరులో నానబెట్టవలెనని యిరుగుపొరుగులు చెప్పుదురు. పట్టుకు, ఉన్నికి వేయు రంగులకు పులుసు సాయపడును. నూలుకు వేసిన యీ రంగులకు అది సోడాచేయు పనిని చెరుచును. ఉప్పునీట నానబెట్టుటయు ఇట్టిదే. ఉప్పు తొట్టిలో నున్నప్పుడు పనిచేయును. రంగుపడిన పిదప బంధింపజాలదు. చేయవలసినదేమనగా, ముడులతోనే చన్నీట నీరు తేటపడువరకు జాడించి, ముడులు విప్పి, బాగుగా కాగిన నీటిలో సబ్బువేసి ఒకసారి ఉతుకుట. బంధింపబడని రంగంతయు అప్పుడే పోవును. ఆ యొక్క ఉతుకులో నీరు ఎఱ్ఱనైనదని దిగులుపడకుడు. పిదప నీడన ఆరవేయుడు.

ఈ బల్లమీద మీకు కనబడుచున్నది ఒక పాత దుప్పటి ముక్క. నిన్న రంగులో ముంచి, చన్నీట జాడించి, ఆరబెట్టి, ముడులు విప్పకుండనే తెచ్చితిని. నూటయిరువది ముడులున్నవి, దారము ఎక్కడను తెంపలేదు. ఇద్దరు పిల్లలు వచ్చి చెరియొక కొన పట్టుకొనుడు. నేను చెప్పినప్పుడు అడ్డముగా లాగుడు. పెద్దవారు గింజలు ఎగిరిపడు దూరమున కూర్చుండగలరు.